పాడు పెట్టిన ఇంటికి బీమా

భివండీలోని కామత్‌ఘర్‌లో ఆ గల్లీకి ఏ కాగితం వచ్చినా ముందు హనుమాండ్లు చేతిలో పడాల్సిందే. కరెంటు బిల్లయినా, మున్సిపాలిటీ నోటీసైనా, దవాఖానా రిపోర్టయినా "జెర చూడన్నా" అంటూ తెచ్చి ముందర నిలబడతారు. ఆయన చేతుల గ్రీజు బనీనుకు తుడుచుకుని, కళ్లద్దాలు తగిలించి, కాగితాన్ని వెనక్కి తిప్పి చివరి పేరా నుంచి మొదలుపెడతాడు. "ముందు పేజీల ఇస్తరు, వెనక పేజీల గుంజుకుంటరు" అంటాడు.

ఇది పనిలో అబ్బిన అలవాటు. కరెంటు మగ్గాన్ని మనవాళ్లు సాంచా అంటారు. సాంచా మొరాయిస్తే దాన్ని దారికి తెచ్చే మిస్త్రీ పేరు జాబర్. హనుమాండ్లు ముప్పై ఎనిమిదేళ్లుగా జాబర్. పోగు తెగిన చోటనే తప్పు వెతికేవాడికి ఆ పని ఎన్నటికీ రాదనీ, తప్పు ఎప్పుడూ నాలుగు బెత్తెలు వెనకాలే ఉంటుందనీ కొత్తవాళ్లకు చెబుతాడు. కార్యకారణాల మీద లావు లావు గ్రంథాలు రాసినవాళ్లు ఎంతోమంది. వాళ్లలో ఒక్కడినైనా ఆగిపోయిన సాంచా ముందు నిలబెట్టి చూడాలని ఉంటుంది.

సిరిసిల్ల దిక్కు ఒక ఊరి నుంచి పదహారో ఏట భివండీ వచ్చాడు. చదివింది ఏడో తరగతి, తెలుగులో. హిందీని కార్ఖానాలో పక్కవాడి పెదాలు చూసి నేర్చుకున్నాడు, ఆ చప్పుడులో చెవులు దేనికీ పనికిరావు గనక. మరాఠీ బస్సుల బోర్డులూ దుకాణాల బోర్డులూ నేర్పాయి. ఇంగ్లీషు ఒక్కటే లొంగలేదు. ఆ లోటు కోడలు కళ తీర్చింది. ఆమె మాన్కోలి గోదాముల్లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. కొడుకు రితేష్ అక్కడే టెంపో నడుపుతాడు.

ఇల్లు రెండు గదులు, పైన సిమెంటు రేకులు. కిందంతా ఒక సేటు కార్ఖానా, పన్నెండు సాంచాలు. అవి నడుస్తున్నంతసేపూ పైన నేల వణుకుతుంది. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి పెడితే మీద సన్నటి వలయాలు లేస్తూనే ఉంటాయి. హనుమాండ్లు తల్లి మల్లవ్వకు ఆ వణుకు ఉంటేనే నిద్ర. శుక్రవారం కార్ఖానా సెలవు. ఆ రోజు ముసలామె మధ్యాహ్నమంతా మంచం మీద కూర్చుని "ఏందిరా, లోకం ఆగిపోయిందా?" అని అడుగుతూ ఉండేది.

ఆ ఇంటికి అప్పిచ్చిన బ్యాంకువాళ్లు అప్పుతో పాటు బీమా కాగితం కూడా అంటగట్టారు. అప్పు తీరిపోయింది. అప్పు తీరగానే అందరూ చేసే మొదటి పని బీమా మానెయ్యడం. హనుమాండ్లు మానలేదు. ఆ పుస్తకం తీసి కోడలి ముందు పెట్టి, ఒక వానాకాలమంతా, పూటకు ఒక పేరా చొప్పున చదివించుకున్నాడు. కళ ఇంగ్లీషులో చదివి, హిందీలో ఆలోచించి, తెలుగులో చెప్పేది. ఆయన అడ్డప్రశ్నలు వేసేవాడు. ఒక్కోసారి ఒక్క వాక్యం దగ్గరే రెండు రోజులు ఆగేవాళ్లు.

వెనకటికి సముద్రం మీద సరుకు పంపే వర్తకులు ఒక్కడి మూటలన్నీ ఒకే పడవలో వేసేవాళ్లు కాదట, పది పడవల్లో పంచేవాళ్లు. ఒక పడవ మునిగితే పదిమందికీ తలా కొంచెం పోయేది, ఎవడూ పూర్తిగా మునిగేవాడు కాదు. బీమా అంటే ఇంతే. మిగతాదంతా గుమాస్తాలు తర్వాత పేర్చిన గోడలు. హనుమాండ్లుకు పడవల సంగతి ఎవరూ చెప్పలేదు గానీ, ఆ గోడలన్నీ ఒక్కొక్కటిగా తడిమి చూశాడు.

"మనం కొన్నది ఇల్లూ జాగా రెండూ. బీమా ఇంటికే" అని గల్లీవాళ్లకు చెప్పేవాడు. "జాగా కాలదు, కొట్టుకపోదు. అందుకే ఇల్లు మళ్ల కట్టనీకి ఎంతయితదో గంతే రాయించాలె. అమ్మితే వచ్చే ధర రాయిస్తే దండుగ. తక్కువ రాయిస్తే ఇంక దండుగ. పది లక్షల ఇల్లు ఐదని రాయించినవనుకో, రెండు లక్షల నష్టమైతే ఒక్కటే చేతికొస్తది. సగం అబద్ధమాడినవ్ గదా, సగమే ఇస్తడు."

"మరి నా పుస్తెలతాడు కాలితే?" అని పక్కింటి మాలతి అడిగింది.

"బంగారం, నగదు దీంట్ల రావు. వేరే రాయించాలె."

"గోడకు చెమ్మ పట్టింది, పెచ్చులూడుతున్నయ్."

"అది మెల్లగ జరిగే నష్టం. మెల్లగ జరిగేదానికి ఎవ్వడూ ఇయ్యడు బిడ్డా. ఒక్కసారి జరగాలె. నిప్పు, పిడుగు, వరద, గట్ల."

హనుమాండ్లు భార్య సత్తెమ్మకు అన్న అయిన రాజమౌళి ఆ మాటలు వింటూ అరుగు మీద కూర్చుని నవ్వేవాడు. రాజమౌళి భివండీలో ఉన్న మనవాళ్లందరికీ కులపెద్ద. పెళ్లయినా చావయినా ఆయన వచ్చి తల ఊపితేనే కదులుతుంది.

"ఇల్లు కాలాలని ఏటేటా కంపెనీకి మొక్కు చెల్లిస్తున్నవా బావా?"

"కాలాలని కాదు బావా. కాలితే నీ అరుగు మీదికొచ్చి చెయ్యి చాపకుంట."

"నా అరుగు మీదికి రావుగని, కంపెనీ అరుగు మీద కూసుంటవ్. గంతే గదా ఫరక్."

హనుమాండ్లు పట్టు వదలలేదు. నాలుగేళ్లలో గల్లీలో పదకొండు ఇళ్లకు బీమా చేయించాడు. కింది కార్ఖానా సేటుకు కూడా సాంచాల బీమా కాగితం తనే చదివిపెట్టాడు. ఏజెంటు భూషణ్ వచ్చి ఫారాలు నింపించుకుపోయేవాడు. హనుమాండ్లుకు దక్కింది అతను తాగించిన చాయ్.

వెనక పేజీలో ఒక షరతు ఉంది. ఇంట్లో ముప్పై రోజులకు మించి వరసగా ఎవరూ నివసించకపోతే, కంపెనీ నుంచి ముందుగా రాతలో ఒప్పుకోలు తీసుకోకపోతే, ఆ కాలంలో జరిగిన నష్టానికి బీమా వర్తించదు. మొదటిసారి కళ అది చదివినప్పుడు మామా కోడలూ ఇద్దరూ నవ్వుకున్నారు. కామత్‌ఘర్‌లో ఖాళీ ఇల్లా? ఒకే చాప మీద పగటి పాళీవాడు లేస్తే రాత్రి పాళీవాడు పడుకునే ఊరు ఇది. ఊరికి పోయినా పది రోజులు, ఎవరో ఒకరు ఇంట్లో ఉండనే ఉంటారు. ఇట్లాంటివి సాహెబుల బంగళాలకు రాసినవని తేల్చి పేజీ తిప్పేశాడు. కాగితాన్ని వెనక నుంచి చదివే మనిషి, ఆ ఒక్క వాక్యాన్ని నవ్వి దాటేశాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, కింద సాంచాలు నడుస్తుండగా, మల్లవ్వ నిద్రలోనే పోయింది. ఎనభై దాటిన మనిషి, మంచి చావే అన్నారు. పంతులు పంచాంగం తెరిచేదాకా అందరూ ఆ మాటే అన్నారు.

"ధనిష్ఠ" అన్నాడు పంతులు.

ధనిష్ఠ ఆకాశంలో పెద్ద నక్షత్రమేమీ కాదు. చిన్న మద్దెల ఆకారంలో నాలుగైదు మసక చుక్కలు. భివండీ ఆకాశంలో ఆ మాత్రం కూడా కనబడవు. ఆ చుక్కల పూట మనిషి పోతే ఆ ఇంటిని ఆర్నెల్లు పాడు పెట్టాలి. పెద్దదినం కాగానే తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా తుమ్మకంప పెట్టి వెళ్లిపోవాలి. లోపల దీపం వెలగకూడదు, చీపురు తగలకూడదు, మనిషి పడుకోకూడదు. గడువు లోపల తాళం తీస్తే ఇంటి పెద్దను ఆ చావే వెంట తీసుకుపోతుందని నమ్మకం. పట్నాల్లో చాలామంది ఒక శాంతి చేయించి పది రోజులకే ఇంట్లోకి వచ్చేస్తున్నారు. శవాన్ని గోడకు కంత పెట్టి బయటికి తీసి, దోషం పోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ మాటే హనుమాండ్లు ఎత్తితే రాజమౌళి చెల్లెలి వైపు చూపించాడు.

"దాని బొట్టు నీ చేతుల ఉన్నది బావా. పైసలు మిగులుతయని శాంతితోని సరిపెడతవా?"

ఆ తర్వాత ఎవరు మాత్రం ఏమంటారు? పన్నెండో రోజున నలుగురూ నార్పోలిలో ఒక్క గది కిరాయికి తీసుకుని వెళ్లిపోయారు. రాజమౌళి మాన్కోలి అవతల నుంచి తుమ్మకంప తెప్పించి, తన చేతులతోనే గుమ్మానికి కట్టి, ఫోన్‌లో ఫొటో తీసి, "సంప్రదాయం పాటించిన కుటుంబం" అని రాసి కులం గ్రూపులో పెట్టాడు. నూట నలభైమంది దండాలు పెట్టారు.

తాళం వేసిన ఇరవయ్యో రోజున హనుమాండ్లు నార్పోలి గదిలో అన్నం తింటూ ముద్ద మధ్యలో ఆపాడు.

"కళా, ఆ బీమా పుస్తకం తీయి బిడ్డా. ముప్పై రోజులదేందో ఉండె."

కళ చదివింది. మళ్లీ చదివింది. "నివసించకపోతే అనే ఉన్నది మామా. సామాన్లున్నయ్, తాళమున్నది అంటే నడవదు. మనుషులుండాలె."

"వరసగ ముప్పై అన్నడా?"

"లగాతార్. మధ్యల ఒక్క రాత్రి పడుకున్నా లెక్క మళ్ల మొదటికొస్తది అనుకుంట."

సత్తెమ్మ చెయ్యి కడుక్కుంటూ ఆగి, "ఆ ఇంట్ల పడుకునే ముచ్చట నా ముంగట తియ్యకుండ్రి" అంది.

మర్నాడు భూషణ్ దగ్గరికి పోయాడు. భూషణ్ మంచివాడే, అన్నింటికీ "హో జాయేగా కాకా" అనేవాడు. ఇది చదివాక మాత్రం అనలేదు. ఒప్పుకోలు కావాలంటే అర్జీ పెట్టాలి, కంపెనీ మనిషి వచ్చి ఇల్లు లోపలికి చూడాలి, వైరింగ్, గ్యాస్, కిటికీలు అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసుకోవాలి.

"లోపలికా?" అన్నాడు హనుమాండ్లు.

"లోపలికే కాకా. బయట నిలబడి వైరింగ్ ఎట్లా చూస్తాడు? తాళం తీసి చూపించండి, పది నిమిషాల పని."

పది నిమిషాల పని. హనుమాండ్లు ఆ పది నిమిషాల కోసం రాజమౌళి అరుగు మీదికి పోయాడు. తాను తియ్యనని, భూషణ్ చేతే తాళం తీయిస్తానని, తాను మెట్ల కింద నిలబడతానని చెప్పాడు.

రాజమౌళి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "తాళం ఎవడు తీసినా తీసినట్టే. నీ కంపెనీ ముప్పై దినాలంటది, మన శాస్త్రం ఆర్నెల్లంటది. మన శాస్త్రం ఎప్పటిది, నీ కంపెనీ ఎప్పటిది?"

"శాస్త్రం ఇల్లు మళ్ల కట్టిస్తదా బావా?"

"కంపెనీ మనిషిని మళ్ల తెస్తదా?"

అరుగు మీద కూర్చున్న నలుగురూ ఆ జవాబుకు ముచ్చటపడి నవ్వారు. ఇట్లాంటి జవాబులు చెప్పగలిగినందుకే ఆయన పెద్దమనిషి అయ్యాడు.

ఇంకో దారి దొరికింది. పక్క కార్ఖానాలో అబ్రహాము అని సాంచాలు నడిపేవాడు ఉన్నాడు. నిజామాబాద్ దిక్కు తెలుగు క్రైస్తవుడు, భార్య శారమ్మతో కార్ఖానా మూలన రేకుల గదిలో ఉంటాడు. కిరాయి లేకుండా ఆర్నెల్లు తన ఇంట్లో ఉండమని హనుమాండ్లు అడిగాడు. మనిషంటూ ఉంటే చాలు, కంపెనీకి భూషణ్ ద్వారా రాసి పంపించవచ్చు. తాళం చెవి నీకిస్తా, తాళం నువ్వే తియ్యి, రాజమౌళి సంగతి తర్వాత చూసుకుందాం అన్నాడు.

"మా దేవునికి ధనిష్ఠ లేదన్నా, ఉంట" అన్నాడు అబ్రహాము సంతోషంగా. రెండు గదులు, నీళ్ల కొళాయి, కిటికీ. ఆ మనిషి జన్మలో కిటికీ ఉన్న గదిలో లేడు.

శారమ్మ మధ్యాహ్నం సాంచాల దగ్గరికే వచ్చింది, కొంగు నడుముకు చెక్కుకుని.

"ఏందన్నా, మీకు పనికిరాని ఇల్లు మాకు పనికొస్తదా?"

"మీ దేవునికి ధనిష్ఠ లేదన్నడు గదా చెల్లె, అబ్రహాము..."

"దేవునికి లేదు. నాకున్నది. మా అవ్వ గూడ మీ ఊర్లె పుట్టిందే." మొగుడి వైపు తిరిగింది. "కిటికీ కావాల్నా నీకు? పా, బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పు, భయం లేదని."

అబ్రహాము తలవంచుకుని సాంచాలో నూలు కండె మార్చుకున్నాడు.

ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం హనుమాండ్లు చాప చుట్టి చంకన పెట్టుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా షేర్ ఆటో ఎక్కి కామత్‌ఘర్‌లో దిగాడు. ఒక్క రాత్రి. తుమ్మకంప పక్కకు జరిపి, తాళం తీసి, దీపం కూడా పెట్టకుండా చీకట్లోనే పడుకుని, తెల్లారి మళ్లీ కంప పెట్టేసి రావాలనుకున్నాడు. ముప్పై లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. నెలకొక్క రాత్రి పడుకుంటే ఆర్నెల్లు గట్టెక్కుతాయి. ఆగిన సాంచాకు దారి దొరికినప్పుడు ఉండే సంబరం ముఖంలో ఉంది.

మెట్ల మీద సత్తెమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడు బయల్దేరిందో, చెప్పులు కూడా లేవు.

"చాప కనపడకపోతే అనుకున్న" అంది.

"ఒక్క రాత్రే."

"పడుకో. ముందు నా మీద నుంచి తొక్కుకుంట పో."

"సత్తెమ్మా, నువ్వు గిట్ల..."

"నలభై ఏండ్లు నువ్వు చదివిన కాగితాలన్నిటికీ తలకాయ ఊపిన. గిది ఒక్కటి నాకిడువు. నువ్వు సచ్చిపోతే నీ కంపెనీ ఇల్లిస్తది, నిన్నిస్తదా? నాకు ఇల్లొద్దు. ఇల్లు కాలనీ, కూలనీ, నాకు మనిషి కావాలె."

ఆడది అడ్డం కూర్చుంటే దాటి పోయినవాళ్ల కథలు పురాణాల్లో ఉన్నాయి. వాళ్లు దాటిపోయింది ఇంతకన్నా పెద్ద పనులకు. హనుమాండ్లు కాసేపు నిలబడి ఆమె పక్కన కూర్చున్నాడు. కింద సాంచాల చప్పుడు మెట్లను వణికిస్తోంది. ఇద్దరూ చివరి షేర్ ఆటోలో నార్పోలి వెళ్లిపోయారు, చాప ఒళ్లో పెట్టుకుని.

తాళం వేసిన నలభై మూడో రోజు శుక్రవారం. కార్ఖానాకు సెలవు. మధ్యాహ్నం మూడింటికి మెట్ల కింది మీటర్ డబ్బాలో నిప్పురవ్వ లేచింది. కార్ఖానా గోడలకూ దూలాలకూ ఏళ్ల తరబడి పట్టుకున్న దూదినుసు ఉంటుంది, తాకితే భగ్గుమనేది. మెయిన్ స్విచ్చి పైమెట్టు పక్కనే ఉంది. పైన మనిషి ఉండి ఉంటే వాసన తగిలేది, లేచి నాలుగు అడుగులు వేసి స్విచ్చి దించి, రెండు బకెట్ల నీళ్లతో తీరిపోయేది. గల్లీవాళ్లకు పొగ కనబడేసరికి పైకప్పు రేకులు టపటపా పగులుతున్నాయి. ఫైర్ బండి ఇరుకు గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. సాయంత్రానికి నాలుగు గోడలు, నల్లగా, ఆకాశం కింద.

హనుమాండ్లు వచ్చి నిలబడ్డాడు. జాబర్ గనక మీటర్ డబ్బా దగ్గరికే మొదట పోయాడు.

గల్లీ అంతా అక్కడే ఉంది. రాజమౌళి ఆయన భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలా అన్నాడు: "చూసినవా బావా? లోపల ఉంటే నలుగురూ బొగ్గయితుండిరి. చావు మనుషుల కోసమొచ్చి, ఎవ్వలు లేరని ఇంటిని తీసుకపోయింది."

జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. సత్తెమ్మ అన్న కాళ్ల మీద పడి ఏడ్చింది, బతికించినవన్నా అని. మాలతి చెంపలు వేసుకుంది. అబ్రహాము వచ్చి, "శారమ్మ చెప్పింది వినుడు మంచిగైందన్నా" అన్నాడు, తను తప్పించుకున్న ఇంటి వైపు చూస్తూ. మనుషులు లేకపోబట్టే కాలిందని ఆ గల్లీలో తెలిసింది ఒక్కడికే. ఆ మాట ఒకసారి నోరు తెరిచి అన్నాడు కూడా. "పాపం, మతి చలించింది" అని మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

పది రోజులకు కంపెనీ సర్వేయర్ వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదైనవాడు. గోడలు కొలిచాడు, ఫొటోలు తీశాడు, హనుమాండ్లు దాచిన కాగితాలన్నీ ఒక వరసలో ఉండటం చూసి మెచ్చుకున్నాడు. "ఇంత శుభ్రంగా కాగితాలు పెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు కాకా" అన్నాడు హిందీలో. ఇంటి విలువ సరిగ్గా రాయించారు, ఒక్క ఏడు కూడా తప్పలేదు, పేచీ పెట్టడానికి ఏమీ లేదు. ఒక్క ప్రశ్న మిగిలింది.

"తాళం వేసి ఉందంటున్నారు. అయినా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చి పడుకునేవాళ్లే కదా?"

అడగడంలోనే జవాబు కూడా అందించాడు. కలం ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. హనుమాండ్లు నోరు తెరిచాడు.

"ఎవ్వలు రాలె సాబ్!" అంది సత్తెమ్మ వచ్చీరాని హిందీలో, గుండె మీద చెయ్యి పెట్టుకుని. "ఈయన పడుకుంటనని చాప పట్టుకొస్తే నేనే మెట్ల మీద అడ్డం కూసున్న. ఒక్క అడుగు గూడ పెట్టనియ్యలె."

ఆ మాటలో తప్పు ఏమీ లేదు. ఆమె జీవితంలో గెలిచింది ఆ ఒక్క యుద్ధమే, అది నలుగురిలో చెప్పుకుంటోంది. రాజమౌళి ఫోన్ తీశాడు. తుమ్మకంప కట్టిన గుమ్మం ఫొటో చూపించాడు. కింద తేదీ ఉంది. "నలభై మూడు దినాలు, సాబ్. పురుగు గూడ పోలేదు. మావోళ్లు మాట మీద ఉంటరు."

సర్వేయర్ ఫొటోను తన ఫోన్‌లోకి పంపించుకున్నాడు. రాసుకున్నాడు. వెళ్లేముందు హనుమాండ్లు చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, మోటారు సైకిల్ ఎక్కాడు.

కంపెనీ ఉత్తరం వచ్చిన సాయంత్రం గల్లీ అంతా నార్పోలి గది ముందర చేరింది. కళ చదివింది. ముప్పై రోజులకు మించి ఇల్లు ఖాళీగా ఉంది గనక బీమా వర్తించదని రాశారు.

"దొంగనాకొడుకులు!" అన్నాడు రాజమౌళి. "ఏండ్ల సంది కట్టించుకొని, అవసరమొచ్చినప్పుడు చెయ్యి దులుపుకుంటరా? పాండ్రి ఆఫీసుకు, అద్దాలు పగలగొడదాం!"

"ఎందుకు బావా?" అన్నాడు హనుమాండ్లు. "వాళ్లు రాసిందే చేసిండ్రు. మనమే చదివి గూడ చెయ్యలె."

తమకు జరిగిన అన్యాయాన్ని కాదన్నవాణ్ని జనం అంత సులువుగా క్షమించరు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు ముఖాలు మాడ్చుకుని లేచిపోయారు. సత్తెమ్మ ఆయన వైపు చూసి, "ఆ కంపెనీయే కన్నదా నిన్ను?" అంది. ఆ తర్వాత నెలరోజులు ఆమె అన్నం వడ్డించి పక్కకు పోయేది, మాట్లాడేది కాదు.

కింది సేటుకు మాత్రం బీమా వచ్చింది. కార్ఖానాకు వారానికి ఒక్క రోజే సెలవు, ఖాళీగా ఉన్నది లేదు. వానలు తగ్గగానే గోడలకు సున్నం కొట్టి, పైన కొత్త రేకులు వేసి, పన్నెండు కొత్త సాంచాలు దించాడు. వాటిని బిగించడానికి హనుమాండ్లునే పిలిచాడు. పైన తన ఇల్లు ఉండిన చోట రేకుల మీద ఎండ పడుతుంటే, కింద పానా పట్టుకుని వారం రోజులు బిగించాడు. పని బాగా చేశాడని సేటు మెచ్చుకున్నాడు.

ఇక బీమా తీసుకున్న పదకొండు ఇళ్లవాళ్లూ ఒకరి వెనక ఒకరు రావడం మొదలుపెట్టారు. మానేస్తే మిగిలిన నెలలకు కట్టింది తిరిగి ఇస్తారని భూషణ్ చెప్పాడట. దానికొక ఫారం ఉంది. అది నింపడం వాళ్లకు రాదు.

హనుమాండ్లు ఎవరినీ వెనక్కి పంపలేదు. ఎవరి ఫారం వాళ్ల ముందే నింపాడు. పేరు, ఇంటి నంబరు, బీమా నంబరు, ఏ గడిలో ఏది పడాలో ఆయనకు తెలుసు. ప్రతివాడినీ ఒకే మాట అడిగాడు: "రేపు ఇల్లు కాలితే ఏం రాదు. తెలుసు గదా?" తెలుసన్నారు. పది ఇళ్లు అయిపోయాయి.

చివరికి మాలతి వచ్చింది.

"రేపు ఇల్లు కాలితే ఏం రాదు బిడ్డా."

"నీకొచ్చిందా పెద్దబాపు?"

ఫారం తిప్పి, చివరి గడి మీద వేలు పెట్టాడు. "కారణం అని అడిగిండ్రు. అందరికీ పైసలు చాల్తలేవని రాసిన. నీకు గూడ గదే రాయాల్నా?"

"అబద్ధమెందుకు? ఉన్నదే రాయి. హనుమాండ్లు ఇల్లు కాలింది, కంపెనీ పైస ఇయ్యలె అని రాయి."

హనుమాండ్లు కళ్లద్దాలు సరిచేసుకుని, మరాఠీ అక్షరాలు ఒక్కొక్కటి దిద్దుకుంటూ రాశాడు. గడి చిన్నది. 'హనుమాండ్లు ఇల్లు కాలింది' అన్నంత వరకే పట్టింది.

"సరిపోతది" అంది మాలతి. "దస్తకత్ ఏడ పెట్టాలె?"

చూపించాడు.